పోటీ పరీక్షల ప్రత్యేకం: పాత ఇంటిని తరలిస్తే ప్రభుత్వ సాయం ఉంటుందా?

అమెరికాలో వారసత్వ పరిరక్షణకు మూలం 1966 నాటి జాతీయ చారిత్రక పరిరక్షణ చట్టం. చారిత్రక స్థలాల జాబితా అయిన నేషనల్ రిజిస్టర్ దీని కిందే ఏర్పడింది. చోటు మారిన కట్టడాన్ని ఈ జాబితా మామూలుగా అంగీకరించదు. అయితే వాస్తుశిల్పమే దాని ప్రధాన విలువైనా, ఒక చారిత్రక వ్యక్తికో ఘటనకో సంబంధించి మిగిలిన ముఖ్య కట్టడం అదే అయినా మినహాయింపు ఉంది. జాబితాలో ఉన్న ఇంటిని కదిలించాలంటే కారణాలు, కొత్త స్థలం వివరాలు, ఫొటోలు ముందే సమర్పించి ఆమోదం పొందాలి. లేకుంటే కదిలించగానే జాబితా నుంచి పేరు పోతుంది, దాంతో పన్ను రాయితీ అర్హతా పోతుంది. అభ్యర్థులు గట్టిగా గుర్తుంచుకోవాల్సింది ఇదే.

ఆ రాయితీ కింద పునరుద్ధరణ ఖర్చులో 20 శాతం ఆదాయపు పన్ను క్రెడిట్‌గా వస్తుంది. 2017 పన్ను చట్టం తర్వాత దీన్ని 5 ఏళ్లకు పంచి ఇస్తున్నారు. ఇల్లు అద్దెకో వ్యాపారానికో వాడాలి. యజమాని కాపురముండే ఇంటికి వర్తించదు. కొనుగోలు ఖర్చు, అదనపు గదుల ఖర్చు లెక్కలోకి రావు. పనులు పూర్తయిన 5 ఏళ్లలోపు అమ్మితే క్రెడిట్‌లో కొంత తిరిగి కట్టాలి.

నేరుగా ప్రభుత్వమే పూనుకున్న ఉదాహరణ న్యూయార్క్‌లోని హామిల్టన్ గ్రేంజ్. అమెరికా తొలి ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ 1802లో కట్టించుకున్న ఇల్లు అది. 1889లో ఒకసారి, 2008లో మరోసారి కదిలింది. రెండోసారి సెయింట్ నికొలస్ పార్కుకు చేర్చిన ప్రభుత్వ సంస్థ నేషనల్ పార్క్ సర్వీస్, 2011లో సందర్శకులకు తెరిచింది. చుట్టూ చెట్లూ పచ్చికా ఉన్న చోటు దొరకడం ఆ ఇంటికి నిజంగా మేలే చేసింది.