నాలుగోవాడి మొహమాటం

హైదరాబాద్‌లో కూకట్‌పల్లి, నిజాంపేట, బాచుపల్లి వైపు ఏ సందులోకి వెళ్లినా, మూడో అంతస్తులోనో నాలుగో అంతస్తులోనో ఇంజినీరింగ్ కుర్రాళ్ల గది ఒకటి తగులుతుంది. గుమ్మం ముందు చెప్పుల గుట్ట, బాల్కనీలో ఆరి వారమైనా తియ్యని బట్టలు. వంటింట్లో సరిగ్గా పనిచేసే వస్తువు రైస్ కుక్కర్ ఒక్కటే. అన్నం ఇంట్లో, కూర కర్రీ పాయింట్‌లో. రాత్రి తొమ్మిదిన్నరకి అటు వెళ్తే వినిపించే పబ్‌జీ మాటలు ఏ గదిలోనైనా దాదాపు ఒకటే. "మామా, నాక్ అయ్యా, స్మోక్ వెయ్యి." "జోన్ వచ్చేస్తోంది, బండెక్కు." "ఒరేయ్, నా వెనకాలే ఉన్నాడ్రా!" జట్టుగా ఆడే నలుగురూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి ఛార్జర్లు గుచ్చి, ఆ వైరు ఎంత దూరం వస్తే అంత దూరంలో కూర్చుని ఉంటారు.

పాఠాలు చెప్పే ఉద్యోగం కాబట్టి ఈ గదుల గురించి నాకు రెండు రకాల మాటలు వినిపిస్తుంటాయి. "ఆ గేమ్ పట్టుకునే మావాడు పాడయ్యాడు సార్" అని తల్లిదండ్రులు. "రిలాక్సేషన్ సార్, అంతే" అని పిల్లలు. రెండూ నాకు పూర్తిగా మింగుడుపడవు. రాత్రి రెండింటిదాకా మేలుకుని పొద్దున ల్యాబ్‌లో తూగుతున్నవాణ్ని విడిగా కూర్చోబెట్టి అడిగితే చాలాసార్లు వచ్చే జవాబు ఇంకోటి. "పన్నెండింటికే లేద్దామనుకున్నా సార్. నేను లేస్తే వాళ్లు ముగ్గురే అయిపోతారు కదా అని..." చిత్రమేమిటంటే, మిగతా ముగ్గుర్నీ అడిగినా అదే చెబుతారు. తిలా పాపం తలా పిడికెడు. ఆట మీద సరదా పన్నెండింటికే తీరిపోయింది. ఆ తర్వాత రెండు గంటలు ఆడించింది మొహమాటం.

మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకో మోటు సామెత ఉంది, పత్రికలో రాయను. పెద్దలకి తెలుసు.

అలాగని ఆట అమాయకమైనదేమీ కాదు, నిషేధిస్తే పోయేదీ కాదు. పబ్‌జీ మొబైల్‌ని 2020 సెప్టెంబరులో మన దేశంలో నిషేధించారు. 2021 జులైలో అది బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది. 2022 జులై ఆఖర్లో మళ్లీ మాయమై 2023 మేలో మళ్లీ ప్రత్యక్షమైంది. మధ్యలో ఆ నెలలన్నీ కుర్రాళ్లు పుస్తకాలు పట్టుకున్నారా అంటే, లేదు, ఫ్రీ ఫైర్ పట్టుకున్నారు, కాల్ ఆఫ్ డ్యూటీ పట్టుకున్నారు. నిషేధం వల్ల గదిలో రాత్రుళ్లు మారలేదు, ఫోన్‌లో బొమ్మ మారింది.

పబ్‌జీ తీరే లేవనివ్వదు. ఎరాంగెల్ అనే మ్యాప్‌లో వందమంది దిగుతారు. చివరిదాకా నిలబడితే అరగంట, దిగంగానే చస్తే ఐదు నిమిషాలు. అందుకే "ఒక్క మ్యాచ్" అన్న ఒప్పందానికి కొలతంటూ ఉండదు. తొందరగా చచ్చినవాడు "ఇదీ ఒక మ్యాచేనా" అంటాడు. మర్నాడు మిడ్ పరీక్ష ఉన్నవాడు ఆ మ్యాప్‌లోని పొచింకిలో దూకుదామంటాడు. అక్కడ జనం ఎక్కువ, చావు తొందరగా వస్తుంది, ఒక్కటే ఆడి లేచానని మనస్సాక్షికి చెప్పుకోవచ్చు! తీరా అక్కడ బతికి బయటపడితే ఇక వాడి మిడ్ గోవిందా. దీనిపైన ర్యాంకులు. బ్రాంజ్ నుంచి కాంకరర్ దాకా మెట్లు, ఓడితే పాయింట్లు కోత. పోయినవి రాబట్టుకుని లేద్దామనుకుంటారు, రాబట్టాక ఊపు మీదున్నాం కదా అనుకుంటారు. పేకాటలో గెలిచినవాడు లేస్తే డబ్బు పట్టుకుని పారిపోతున్నాడంటారు, ఓడినవాడు లేస్తే ఉడుక్కున్నాడంటారు. ఇక్కడ డబ్బు లేదు గానీ మర్యాదలు అవే. ఆట నడుస్తున్నప్పుడు లేవడానికి మంచి సమయమంటూ ఉండదు.

కాబట్టి లేస్తానన్న మాట కూర్చోకముందే అనేయాలి. "నేను రెండు మ్యాచ్‌లకే మామా, తర్వాత ల్యాబ్ రికార్డు రాసుకోవాలి" అని ఫోన్ తీసేటప్పుడే చెప్పినవాణ్ని ఎవరూ తిట్టరు. అదే మాట రెండో మ్యాచ్ ఓడిపోయాక చెబితే అలిగినట్టుంటుంది, గెలిచాక చెబితే పోజు కొట్టినట్టుంటుంది. మాట ఒకటే, చెప్పిన వేళ వేరు. మనవాళ్లలో ఎక్కువమందికి కాదనడం రాదు. చిన్నప్పట్నుంచీ పెద్దవాళ్ల ముందు కాదనకూడదని నేర్పాం, స్నేహితుల ముందు కాదనడం ఎలాగో నేర్పలేదు. రేపు ఉద్యోగంలో టీమ్ లీడ్ శుక్రవారం సాయంత్రం పని అంటగడితే "సోమవారం ఇస్తానండీ" అనలేక నీళ్లు నమిలేది, ముగ్గుర్ని వదిలి లేవలేని ఈ నాలుగోవాడే. వ్యక్తిత్వ వికాసం తరగతుల్లో అద్దం ముందు నిలబడి మాట్లాడటం నేర్పిస్తారు. నన్నడిగితే రాత్రి పదింటికి, ముగ్గురు మిత్రులు "ఒక్కటి రా, ప్లీజ్ రా" అంటుండగా నవ్వుతూ ఛార్జర్ పీక్కుని లేవడం అంతకంటే కష్టమైన సాధన.

ఆ ముగ్గురికీ ఒక సంస్కారం కావాలి. లేచినవాణ్ని "చదువుల సరస్వతి" అని వెక్కిరించకపోవడం. వెక్కిరింత ఒక్కసారి పడిందంటే వాడు మళ్లీ ముందుగా లేవడు, మర్నాటి నుంచి నలుగురూ మునుగుతారు.

ఇంతకీ మనసు చదువు వదిలి ఆటవైపు ఎందుకు లాగుతుంది? బద్ధకం అని కొట్టిపారేస్తే సరిపోదు. రిచర్డ్ ర్యాన్, స్కాట్ రిగ్బీ, ఆండ్రూ ప్రిజిబిల్స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆటలు మనుషుల్ని ఎందుకు లాగుతాయన్నదాని మీద 2006లో ఒక పత్రం ప్రచురించారు. ఇది నాకు చేతనవుతోంది, నా ఇష్టప్రకారం చేస్తున్నాను, నావాళ్లతో కలిసి ఉన్నాను అనే మూడు భావాలు కలిగినప్పుడు ఆట మరింత నచ్చుతుందని, మళ్లీ ఆడాలనిపిస్తుందని వాళ్లు తేల్చారు. ఇప్పుడు ఈ మూడూ సెమిస్టర్‌లో ఎక్కడున్నాయో వెతకండి. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 నిబంధనల ప్రకారం ఇంటర్నల్స్‌కి 40, ఎక్స్‌టర్నల్‌కి 60 మార్కులు. ఆ 60లో 21 తెచ్చుకోవాలి. కుర్రాడు మూడు గంటలు కూర్చుని రాస్తాడు. ఆ రాసింది ఏమైందో వారాల తర్వాత గ్రేడు రూపంలో తెలుస్తుంది. ఎక్కడ తప్పాడో ఎవరూ చెప్పరు. ఆటలోనో? ఎవడు ఎక్కణ్నుంచి కాల్చాడో, తను ఎంత డ్యామేజ్ ఇచ్చాడో మ్యాచ్ ముగిసేసరికి తెరమీద ఉంటుంది. ఇక ఇష్టప్రకారం అన్నది సరేసరి. బ్రాంచి ఎప్‌సెట్ ర్యాంకు చెప్పింది, మిగిలింది నాన్న చెప్పాడు.

అందుకని ఆట తీసేస్తే ఆ ఖాళీ చదువుతో నిండుతుందని నేను నమ్మను. చదువులో కూడా అరగంటకో ఫలితం కనిపించేలా చేసుకోవాలి. డేటా స్ట్రక్చర్స్‌లో ఒక ప్రోగ్రాం కాగితం మీద రాయడం, వెంటనే కంపైలర్‌లో వేసి ఎన్ని తప్పులొచ్చాయో చూసుకోవడం. పాత ప్రశ్నపత్రంలోంచి ఒక్క ప్రశ్న తీసుకుని, జవాబు రాసి, పక్క మంచం మీద ఉన్నవాడి చేతికి దిద్దమని ఇవ్వడం. మార్కులు వాడు ఎలాగూ తక్కువే వేస్తాడు. ఆ పోట్లాట కూడా మంచిదే, పాయింట్లు గుర్తుంటాయి.

"రోజుకి ఒక గంట మాత్రమే" అని గోడకి టైమ్‌టేబుల్ అంటిస్తారు చూడండి, అది నిలవదు. సెమిస్టర్ రోజూ ఒకేలా ఉండదు కాబట్టి. మొదటి మిడ్ ముందు ఒక అల, అయిపోగానే తెరిపి. రెండో మిడ్, రికార్డు సబ్మిషన్, ల్యాబ్ ఎక్స్‌టర్నల్ వైవా, ప్రాజెక్టు రివ్యూ అన్నీ కట్టగట్టుకుని ఇంకో పెద్ద అల. తెరిపి వారాల్లో శనివారం రాత్రి మూడు గంటలు ఆడినా కొంపేమీ మునగదు. అల వచ్చినప్పుడు అరగంట కూడా ఎక్కువే. క్యాలెండర్‌లో ఆ తేదీలు నలుగురూ కలిసి ముందే గీసుకుంటే, ఆ వారం వచ్చినప్పుడు ఎవరూ ఎవరికీ నచ్చజెప్పక్కర్లేదు. ఒక లెక్క మాత్రం అల వచ్చేదాకా ఆగదు. హాజరు 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య అయితే కారణం చూపించి కాండొనేషన్ ఫీజు కట్టాలి, 65 కూడా లేకపోతే డిటెయిన్. తెల్లారి మొదటి పీరియడ్ ఎగ్గొట్టిన రోజులన్నీ నవంబరులో ఒక్కసారిగా బయటపడతాయి.

అలా లెక్కలు బయటపడ్డప్పుడే గేమ్ అన్‌ఇన్‌స్టాల్ అవుతుంది. శ్మశాన వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం లాగా మిడ్ వైరాగ్యం అని ఒకటుంది. మార్కులు నోటీసుబోర్డు ఎక్కిన రోజు నలుగురూ ఒట్టు పెట్టుకుని తీసేస్తారు. మూడోరోజుకి ఒకడు "అప్‌డేట్ వచ్చిందంట, చూసి తీసేద్దాం" అంటాడు. ఆ తర్వాతది మీకు తెలిసిందే.

ఒట్ల కంటే గదిలో పనులే బాగా పనికొస్తాయి. నాకు తెలిసిన ఒక గదివాళ్లు ఆటని భోజనం ముందుకి జరిపారు. కర్రీ పాయింట్ వాడు పదింటికల్లా కట్టేస్తాడు. ఎనిమిదింటికి కూర్చున్నారంటే తొమ్మిదిన్నరకి ఎవరో ఒకరు లేచి గోంగూర పప్పో, వంకాయ కూరో, అక్కడ మిగిలింది తెచ్చుకోవాల్సిందే, లేకపోతే ఆ రాత్రికి ఆవకాయే గతి. ఆటని ఆకలి ఆపుతుంది, ఎవరూ చెడ్డవాళ్లవక్కర్లేదు. తిన్న తర్వాత మొదలైన ఆటని ఆపేది పొద్దున్నే వచ్చే కాలేజీ బస్సు ఒక్కటే. వాళ్లది ఇంకో పద్ధతి కూడా ఉంది. ఇంటికి ఫోన్ చేశాకే ఫోన్ ఆటకి. అది ఓ అనుభవం నేర్పిన పద్ధతి. ఎనిమిదిన్నరకి ఒంగోలు నుంచి అమ్మ "తిన్నావా నాన్నా" అని చేసిన ఫోన్, సరిగ్గా ఆఖరి జోన్‌లో మోగడం, కొడుకు కట్ చెయ్యడం, ఆవిడ కంగారుపడి మిగతా ముగ్గురికీ వరసగా చెయ్యడం ఒకసారి జరిగిందట. మ్యాచ్ పోయింది, నలుగురికీ చీవాట్లు మిగిలాయి.

ఆట నుంచి పుస్తకానికి మారడంలో కూడా చిన్న కిటుకుంది. ఒక పని సగంలో వదిలి ఇంకోదాంట్లోకి దూకితే, ధ్యాసలో కొంత వదిలిన పని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో ప్రచురించిన పత్రంలో చూపించారు. రికార్డులో సర్క్యూట్ సగం గీసి ఫోన్ తీసినవాడు ఆటా సరిగ్గా ఆడడు. చేతిలోకొచ్చిన మ్యాచ్ పోగొట్టుకుని నేరుగా పుస్తకం తెరిచినవాడు ఒకే పేరా నాలుగుసార్లు చదువుతాడు. ఫోన్ తీసేముందు ఎక్కడ ఆపాడో, తర్వాత చేయాల్సిందేమిటో కాగితం ముక్క మీద రెండు మాటలు రాసుకుంటే చాలు. లేచాక వెంటనే పుస్తకం కాదు, కుక్కర్ గిన్నె తోమడమో, సీసాల్లో నీళ్లు పట్టడమో చేస్తే తల కొంచెం చల్లబడుతుంది. గిన్నెల వంతు గొడవ కూడా తీరుతుంది.

గిన్నెలంటే గుర్తొచ్చింది. వరంగల్ నుంచి ఒకడు, కడప నుంచి ఒకడు, శ్రీకాకుళం నుంచి ఒకడు, ఇంకోడు ఇంకెక్కణ్నుంచో వచ్చి పడ్డ గదిలో మొదటి నెలంతా గిన్నెల మీద, కరెంటు బిల్లు మీద, బాత్రూం మీద సణుగుళ్లే. నలుగురూ ఒకే వైపు చూస్తూ కూర్చునే పని ఆట ఒక్కటే అవుతుంది. అక్కడ కుదిరే స్నేహాన్ని తక్కువ చేయను. కానీ ఒకటి గమనించాను. తెరమీద మిత్రుడు నాక్ అయితే తూటాల మధ్యలోంచి పాక్కుంటూ వెళ్లి, స్మోక్ వేసి, పక్కన కూర్చుని లేపుతారు. అదే మిత్రుడు వారం రోజులుగా కాలేజీకి రావడంలేదని, పక్కమీదే పడుంటున్నాడని అడిగితే "అవునా సార్, నిద్రపోతున్నాడేమో అనుకున్నాం" అంటారు. ఆట మీద అదుపు తప్పడం, తిండీ చదువూ మనుషుల కంటే ఆటకే పెద్దపీట వెయ్యడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం, సాధారణంగా ఏడాదిపాటు ఇలాగే సాగడం, వీటిని ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్ అంటోంది. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ఐసీడీ-11 జాబితాలో ఇది ఉంది. అలాంటివాడికి టైమ్‌టేబుల్ పనిచెయ్యదు, వైద్యుడు కావాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి గదిలోవాళ్లే ఫోన్ చేసి మాట్లాడినా తప్పులేదు.

భోజనం ముందు ఆడే ఆ గదిలో కూడా ఒకడికి మ్యాథ్స్ తప్పి బ్యాక్‌లాగ్ పడింది. వాళ్ల నాన్న నాకు ఫోన్ చేసి, హాస్టల్లో వేస్తానన్నారు. మర్నాడు ముగ్గురు మిత్రులూ స్టాఫ్ రూమ్‌కి వచ్చారు. "వాడు సప్లీ రాసేదాకా మేం కూడా ఆడం సార్, మీరు అంకుల్‌కి చెప్పండి" అన్నారు. ఇదీ మొహమాటమే, మీరు ఆడుకోండి అన్నాను. వెనకాల నిలబడ్డ అసలువాడు అప్పుడు నోరు తెరిచాడు. "నేను ముందుగదిలో కూర్చుని చదువుకుంటా సార్. వీళ్లని హెడ్‌ఫోన్స్ పెట్టుకోమనండి చాలు." ఆ మాటే వాళ్ల నాన్నకి చెప్పాను, ఆయన సరేనన్నారు. సప్లీ ఫలితాలు ఇంకా రాలేదు.