చతురస్రంలో ఖాళీ మూల

చిట్టితల్లీ,

వర్గసమీకరణాలకు సూత్రం ఒక్కటి బట్టీపడితే చాలదా, మిగతా పద్ధతులన్నీ ఎందుకని ఫోన్‌లో విసుక్కున్నావు. పదో తరగతిలో అందరికీ వచ్చే విసుగే అది. ఈ ఉత్తరంలో ఎక్స్ బదులు ‘యా’ అని రాస్తాను. తెలియని రాశిని మన పాత గణితజ్ఞులు యావత్తావత్ అనేవారు, పొట్టిగా యా అని రాసేవారు.

యా² − 7యా + 12 = 0 లాంటిదిస్తే కాగితం కూడా అక్కర్లేదు. లబ్ధం 12, మొత్తం 7 అయ్యే సంఖ్యలు 3, 4. అయిపోయింది. ప్రతి లెక్కా ఇంత సులువుగా లొంగదు.

యా² + 10యా = 39 తీసుకో. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ తన బీజగణిత గ్రంథంలో చేసి చూపిన లెక్క ఇది. పెన్సిలు తీసి గీయి. ముందు, భుజం యా ఉన్న చతురస్రం. 10యాని రెండు సగాలు చేసి, 5 వెడల్పున్న దీర్ఘచతురస్రాలుగా ఒకటి కుడిపక్కన, ఒకటి కింద అతికించు. మూల ఒక్కటే ఖాళీగా ఉంది చూశావా? అది 5 × 5, అంటే 25. దాన్ని నింపితే 39 + 25 = 64 వైశాల్యంతో నిండు చతురస్రం. దాని భుజం 8, కాబట్టి యా 3. “మధ్యపదం గుణకంలో సగాన్ని వర్గం చేసి రెండువైపులా కలపాలి” అని మీ సార్ చెప్పేది ఈ మూల గురించే. బొమ్మలో భుజానికి రుణవిలువ ఉండదు గనుక అల్ ఖ్వారిజ్మీ 3తో ఆగాడు. నువ్వు −13 కూడా రాయాలి, లేకపోతే మార్కు పోతుంది.

మరి యా² ముందు 3 ఉంటే? 3యా² − 5యా = 1 అనుకో. 3తో భాగిస్తే 25/36 లాంటి భిన్నాలు నెత్తిన పడతాయి. ఇక్కడ శ్రీధరాచార్యుడి కిటుకు నాకు భలే ఇష్టం. ఆయన రాసిన బీజగణితం మనకు దక్కలేదు గానీ, 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు ఈ నియమాన్ని ఆయన పేరుతోనే చెప్పాడు. వర్గపదం గుణకానికి నాలుగు రెట్లతో, అంటే 12తో, అంతా గుణించు: 36యా² − 60యా = 12. పాత మధ్యగుణకం వర్గం 25ని రెండువైపులా కలుపు. ఎడమన (6యా − 5)², కుడిన 37. భిన్నం ఊసే లేదు! యా = (5 ± √37)/6.

ఆ 37 ఎక్కడో చూసినట్టు లేదూ? నీ సూత్రంలో వర్గమూలం కింద ఉండే విచక్షణి అదే. అంకెల బదులు అక్షరాలు పెట్టి ఇదే వరసలో చేసుకుపోతే సూత్రం దానంతటదే వస్తుంది. పరీక్షలో ముందు విచక్షణి లెక్కగట్టు. పూర్ణవర్గమైతే కారణాంకాలు దొరుకుతాయి. 37 లాంటిదైతే వాటికోసం వెతుకుతూ టైము పాడుచేసుకోకు. రుణసంఖ్య వస్తే వాస్తవ మూలాలు లేవని రాసి తరువాతి ప్రశ్నకు వెళ్లిపో.

5యా² + 8యా − 2 = 0ని శ్రీధరుడి దారిలో చేసి, ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టు. కుడివైపు 104 వచ్చిందంటే సరిగ్గా చేస్తున్నట్టే.

– తాతయ్య