చిటుకు రోగము: తొలకరిలో గొఱ్ఱెలమందల సంరక్షణము

తొలకరి వానలు కురిసి పచ్చిక మొలచిన కొలది దినములకే మందలలో నకస్మాత్తుగా చావులు కలుగుట గొఱ్ఱెకాపరులందఱు నెఱిగినదే. సాయంకాలము కడుపునిండ మేసి దొడ్డి చేరిన పిల్ల తెల్లవాఱునప్పటికి చచ్చి పడియుండును. దీనినే చిటుకు రోగమందురు. 2019వ సంవత్సరపు పశుగణనలో గొఱ్ఱెల సంఖ్యయందు దేశమున తెలంగాణమే మొదటిదిగా తేలినది గనుక ఈ రోగమువలని నష్టము కొద్దిపాటిది కాదు.

ఇది బక్కచిక్కిన జీవములను విడిచి బలిసిన పిల్లలనే ముందుగా పట్టును. అమ్మకమునకు సిద్ధముగానున్న పొట్టేలుపిల్లలు పోయిన నా యేటి రాబడి పోయినట్లే. దిష్టి తగిలెననియు, గ్రామదేవత కోపించెననియు తలంచువారు కలరు. మ్రొక్కు చెల్లించుట యెవరి యిష్టము వారిది. టీకా వేయించుట మాత్రము మానరాదు.

దీనికి కారణమైన సూక్ష్మజీవి నేలలోను, ఆరోగ్యముగల గొఱ్ఱె ప్రేగులలోను గూడ కొద్దిగా నుండునదే. వేసవియంతయు ఎండుగడ్డి కొఱికిన గొఱ్ఱె ఒక్కసారిగా లేతపచ్చిక విస్తారముగా మేసినను, కోసిన మొక్కజొన్న చేనిలో రాలిన గింజలు తినినను, జీర్ణముకాని మేత ప్రేగులలోనికి దిగును. అక్కడ నా సూక్ష్మజీవి మితిమీఱి పెరిగి విషమును పుట్టించును. ఆ విషము నెత్తుటిలో గలసి మెదడును, మూత్రపిండములను చెఱచును. పిల్ల తూలి పడి, పండ్లు కొఱుకుచు, తల వెనుకకు వంచి, కాళ్లు కొట్టుకొని కొన్ని గంటలలో చచ్చును. అప్పుడు మందు పోసి బ్రదికించుట మిక్కిలి యరుదు.

కావున వానలకు ముందే టీకా వేయింపవలెను. మొదటిసారి వేయించు జీవములకు రెండు మూడు వారముల యెడముతో రెండుమాఱులును, పిమ్మట నేటేటను వేయింపవలెను. ఈనుటకు సుమారొక నెల ముందు తల్లికి వేయించినచో ముఱ్ఱుపాలద్వారా పిల్లకును కొంతకాలము రక్షణ కలుగును. అందుచేత పుట్టిన వెంటనే ముఱ్ఱుపాలు త్రాగనీయవలెను. టీకామందును చల్లగా నుంచవలెను గాని గడ్డకట్టనీయరాదు. ఎండలో మోసి తెచ్చిన మందు నమ్మదగినది కాదు. రెండవమాఱు వేసిన పిదప బలము చేకూరుటకు సుమారు రెండు వారములు పట్టును గనుక, చావులు మొదలైన పిమ్మట పరుగెత్తుటకంటె మే నెలలోనే పశువైద్యుని కలిసికొనుట మేలు.

మేత మార్చుటలోను తొందర కూడదు. ఉదయము కొంత ఎండుగడ్డి గాని కందిపొట్టు గాని పెట్టి, పచ్చికమీదికి మొదట గంటసేపు మాత్రమే తోలి, క్రమముగా కాలము పెంచవలెను. మందలో చావు కనబడిన నాడే పచ్చిక బాగుగానున్న బీడు విడిచి గడ్డి పలుచగానున్న గుట్టకు మరల్చినచో చావులు తగ్గును. (లేతజొన్న మేసి చచ్చుట వేఱొక విషముచేతనే, రెంటిని కలుపరాదు.)

ఇంకొక మాట. హఠాత్తుగా చచ్చిన జీవమునకు ముక్కునుండి గాని ఆసనమునుండి గాని గడ్డకట్టని నల్లనెత్తురు కారుచున్నచో నది దొమ్మరోగము కావచ్చును. అది మనుష్యులకును సోకును. అట్టిదానిని కోయరాదు, తోలు తీయరాదు, తినరాదు, కుక్కలను దగ్గఱకు రానీయరాదు. పశువైద్యశాలకు కబురుపంపి, వైద్యుడు చెప్పిన ప్రకారము సున్నము చల్లి లోతుగా పాతిపెట్టవలెను.