కారు బాగోగులు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: ఐదేళ్లలో 18 వేల కిలోమీటర్లే తిరిగిన కారుకు టైర్లు మార్చాల్సిన అవసరం ఉంటుందా?

జవాబు: టైరుకు ముసలితనం రెండు దారుల్లో వస్తుంది. రోడ్డు మీద అరగడం ఒకటి. కదలకుండా నిలబడి ఉన్నా ఎండకు, గాలికి రబ్బరు గట్టిపడి బీటలు వారడం రెండోది. గాడుల లోతు మొదటి సంగతే చెబుతుంది. గాడుల అడుగున అక్కడక్కడ చిన్న గట్లు ఉంటాయి. రబ్బరు అరిగి వాటితో సమానమైతే లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగిందని, టైరు పని అయిపోయిందని లెక్క. రెండో సంగతి తెలియాలంటే టైరు పక్కన డీఓటీ అని మొదలయ్యే వరసలో చివరి నాలుగంకెలు చూడాలి. 2320 అని ఉంటే ఆ టైరు 2020లో 23వ వారంలో తయారైంది. గాడులు బాగున్నా ఆరేళ్లు దాటితే మార్చేయమని కొన్ని కార్ల కంపెనీలు చెబుతాయి. ఐదేళ్లు దాటాక ఏటా పరీక్ష చేయించమని, పదేళ్ల తర్వాత అసలు వాడొద్దని టైర్ల తయారీదారులు చెప్పే మాట. ఏడాదంతా ఎండలో నిలిచే బండికి తక్కువ గడువును నమ్మడమే మేలు. పై ప్రశ్నలోని కారుకు వెంటనే మార్చాల్సిన పని లేదు గానీ, పక్క గోడల మీద సన్నటి పగుళ్లు కనిపిస్తే మాత్రం కిలోమీటర్ల లెక్క పక్కన పెట్టాల్సిందే. డిక్కీలో ఉన్న స్టెప్నీకీ ఇదే వయసు.

రెండు టైర్లే కొత్తవి కొంటే వాటిని వెనక్కి వేయాలి. బండిని లాగేవి ముందు చక్రాలు కదా అని వాటికే బిగించడం చాలా షాపుల్లో అలవాటు. తడి రోడ్డు మీద ముందు పట్టు తప్పితే వేగం తగ్గించి దారికి తెచ్చుకోవచ్చు. వెనక పట్టు తప్పితే కారు గిర్రున తిరుగుతుంది. ఇక గాలి ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు పక్కన స్తంభానికి అంటించిన కాగితం మీద ఉంటుంది. టైరు మీద ముద్రించినది గరిష్ఠ హద్దు, దాన్ని చూసి నింపకూడదు. నైట్రోజన్ సంగతికొస్తే, మామూలు గాలిలోనే 78 శాతం అదే. డబ్బు కట్టేది మిగతా 22 శాతం కోసం.

ప్రశ్న: ఉదయం పూట కారు స్టార్ట్ కాకపోతే బ్యాటరీ మార్చేయాల్సిందేనా?

జవాబు: మార్చే ముందు మల్టీమీటరుతో రెండు కొలతలు తీయాలి. రాత్రంతా నిలిపి ఉంచిన బండిలో నిండుగా ఛార్జి ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. 12కు దిగితే దాదాపు ఖాళీ. ఇంజిన్ నడుస్తుండగా అదే కొలత సాధారణంగా 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. అలా పెరగకపోతే తప్పు ఆల్టర్నేటరుదో, దాని బెల్టుదో కావచ్చు. అప్పుడు కొత్త బ్యాటరీ వేసినా నాలుగు రోజుల్లో మళ్లీ అదే కథ. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంటే కేబుళ్లు విప్పి, వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి బిగిస్తే చాలాసార్లు సమస్య అక్కడే తీరుతుంది.

బ్యాటరీని చంపేది చలి అనుకుంటారు. నిజానికి చలి దాని బలహీనతను బయటపెడుతుంది, లోపల దెబ్బ కొట్టేది ఎండాకాలం వేడి. మన ప్రాంతంలో మూడు నుంచి ఐదేళ్లు వస్తే దాని పని అది చేసినట్టే.

ప్రశ్న: షోరూమ్‌లో చెప్పిన ధరలో సగానికే అదే పార్టు బయట దొరుకుతుంది. కొనవచ్చా?

జవాబు: ఏ పార్టు, ఎవరి డబ్బాలో అన్న దాన్ని బట్టి ఉంటుంది. కార్ల కంపెనీలు బ్రేక్ ప్యాడ్లు, బల్బులు, ఫిల్టర్లు, స్పార్క్ ప్లగ్గుల్లాంటివి చాలావరకు సొంతంగా తయారు చేయవు. బాష్, వాలియో, లూకాస్ టీవీఎస్ వంటి సంస్థల దగ్గర కొని బిగిస్తాయి. ఆ సంస్థలే తమ సొంత డబ్బాల్లోనూ పార్టులను బజారులో అమ్ముతాయి. కంపెనీ ముద్ర ఉన్న డబ్బా ఖరీదెక్కువ, తయారీదారు సొంత డబ్బా కొంత తక్కువ. ఈ రెండింటినీ నమ్మవచ్చు. మూడో రకం, వేరే తయారీదారు అదే కొలతకు చేసినది. వీటిలో మంచివీ ఉంటాయి, నాసివీ ఉంటాయి. నాలుగోది డూప్లికేట్: లోపల ఎవరిదో సరుకు, పైన పేరున్న కంపెనీ డబ్బా. డబ్బా మీద అచ్చు మసకగా ఉన్నా, పార్ట్ నంబరు, ఎంఆర్‌పీ, తయారీ తేదీ లేకపోయినా, దుకాణదారు బిల్లు ఇవ్వడానికి నసిగినా వెనక్కి రావడమే.

వైపర్ బ్లేడ్లు, బల్బులు, ఎయిర్ ఫిల్టరు, క్యాబిన్ ఫిల్టరు బయట కొంటే వచ్చే నష్టం పెద్దగా లేదు, బల్బు వాట్లు మారకుండా చూసుకుంటే చాలు. బ్రేకులు, స్టీరింగు, టైమింగ్ బెల్టు, ఆయిల్ ఫిల్టరు దగ్గర మొదటి రెండు డబ్బాలు దాటకూడదు. ఆయిల్ ఫిల్టరు చూడటానికి చిన్న డబ్బాయే, చిరిగితే పోయేది ఇంజినే. కొనేటప్పుడు మోడల్ పేరు, సంవత్సరం చెబితే సరిపోదు. ఒకే ఏడాది ఒకే మోడల్‌లో రెండు రకాల ప్యాడ్లు ఉండవచ్చు. ఛాసిస్ నంబరు చెప్పాలి, లేదా పాత పార్టు మీది నంబరు చూపించాలి.

విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల ప్రమాదాల్లో దెబ్బతిన్న బండ్ల నుంచి విప్పిన పాత పార్టులూ దొరుకుతాయి. డోర్లు, సీట్లు, అద్దాలు, డిక్కీ మూత వంటి వాటికి ఇది మంచి దారే, పాత మోడళ్లకైతే ఒక్కోసారి ఇదొక్కటే దారి. ఎయిర్‌బ్యాగులు, బ్రేక్ పైపులు, బెల్టులు, సస్పెన్షన్ రబ్బర్లు మాత్రం ఎంత చవకైనా పాతవి కొనకూడదు. ఎక్కడ మార్పించినా విప్పిన పార్టును అడిగి తీసుకోవాలి. బిల్లులో రాసిన పని జరిగిందనడానికి అంతకన్నా సాక్ష్యం లేదు.

ప్రశ్న: బయట మెకానిక్ చేయి పెడితే వారంటీ పోతుందా?

జవాబు: మొత్తంగా పోదు. విడిభాగాలు బహిరంగ బజారులో దొరకనివ్వడం లేదంటూ 2011లో వచ్చిన ఫిర్యాదుపై విచారణ జరిపి, భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలపై మొత్తం 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ అంతా రద్దవుతుందని షరతు పెట్టకూడదని, బయటి పని వల్ల కలిగిన నష్టానికి మాత్రం వారంటీ నిరాకరించవచ్చని అందులో చెప్పింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి.

చట్టం సంగతి అలా ఉంచితే, వారంటీ ఉన్నన్నాళ్లూ ఆయిల్ మార్పిడి, కాలపట్టిక ప్రకారం సర్వీసింగ్ కంపెనీ దగ్గరే చేయించడం తెలివైన పని. మిగిలే వెయ్యి, రెండు వేల కోసం తర్వాత గేర్‌బాక్స్ దగ్గర వాదులాడాల్సి రావచ్చు. టైర్లు, బ్యాటరీ, వైపర్లు బయట మార్పించుకోవచ్చు. వారంటీ నిజంగా చిక్కుల్లో పడేది వైర్లు కోసినప్పుడు. మ్యూజిక్ సిస్టమ్, ఫాగ్ ల్యాంపులు, రివర్స్ కెమెరా వంటివి కప్లర్‌తో తగిలించాలి గానీ, వైరు కోసి టేపు చుట్టనివ్వకూడదు.

ప్రశ్న: సర్వీస్ సెంటర్‌లో చెప్పే అదనపు పనుల్లో ఏవి అవసరం?

జవాబు: కారుతో వచ్చిన పుస్తకంలోని పట్టికలో ఉన్నవి అవసరం, లేనివి అడిగి తెలుసుకోవాల్సినవి. ఇంజిన్ ఫ్లష్, డీకార్బనైజింగ్, ఏసీ ట్రీట్‌మెంట్ వంటివి ఎక్కువ పట్టికల్లో ఉండవు. ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. ఏటా నింపాల్సి వస్తోందంటే ఎక్కడో లీకుంది, దాన్ని వెతకకుండా గ్యాస్ ఎక్కించడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

పట్టికలో ఉండీ చాలామంది మరిచిపోయేది బ్రేక్ ఆయిల్. దీనికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగదు. తేమ చేరాక ప్రమాణం ప్రకారం ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. ఊళ్లో తిరిగినన్నాళ్లూ తేడా తెలియదు. అరకు ఘాట్ దిగుతూ బ్రేకు మీద కాలు తీయకుండా వస్తే, లోపల ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు కడతాయి. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. పెడల్ నేలను తాకుతుంది, బండి ఆగదు. అందుకే చాలా కార్లకు రెండేళ్లకోసారి మార్చమని రాసి ఉంటుంది, బండి తిరిగినా తిరగకపోయినా. ఖర్చు ఒక పాలిష్ కన్నా తక్కువ. ఘాట్ దిగేటప్పుడు చిన్న గేరులో రావడం దీనికి అదనం.

ప్రశ్న: సిరామిక్ కోటింగ్ వేయిస్తే గీతలు పడవంటారు, నిజమేనా?

జవాబు: ఆ మాట పూర్తిగా నిజం కాదు. రేకు మీద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికీ పైన క్లియర్ కోట్ ఉంటాయి. మెరుపంతా ఈ పై పొరదే. దాని మందం సుమారు 40, 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కన్నా సన్నం. ఎండలో కనిపించే సాలెగూడు గీతలు ఈ పొర మీద పడినవే, వాటికి పుట్టిల్లు కడిగే తీరు. అపార్ట్‌మెంట్లలో నెలకింత అని మాట్లాడుకుని, తెల్లవారుజామున పది కార్లను ఒకే బకెట్టు నీళ్లతో, ఒకే గుడ్డతో తుడిచే పద్ధతి ఉంది. ఆ గుడ్డలో మొదటి కారు ఇసుక పదో కారు మీద ఉప్పుకాగితంలా పనిచేస్తుంది. పొడిదుమ్మును పొడిగుడ్డతో తుడవడం ఇంకా చెడ్డది. ముందు నీళ్లతో దుమ్ము జార్చి, కార్ షాంపూతో మైక్రోఫైబర్ గుడ్డ పెట్టి కడిగి, గుడ్డ జాడించడానికి వేరే బకెట్టు వాడితే సగం గీతలు పుట్టవు. బట్టల సబ్బు, గిన్నెల సబ్బు మైనాన్ని ఊడ్చేస్తాయి.

రబ్బింగ్ పాలిష్ గీతను పూడ్చదు. గీత చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌నే అరగదీసి సమం చేస్తుంది. కాబట్టి ప్రతి సర్వీసింగ్‌కూ పాలిష్ పెట్టించడం మెరుపును అప్పు తెచ్చుకోవడం లాంటిది. మైనం పూత రెండు మూడు నెలలు నిలుస్తుంది. సిరామిక్ పూత ఏళ్ల తరబడి నిలుస్తుంది, నీరు ముత్యాల్లా జారిపోతుంది, మురికి తేలిగ్గా వదులుతుంది. రాయి తగిలితే ఆపలేదు, సొట్టను ఆపలేదు. బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం మరకలనూ ఆపలేదు. ముత్యాల్లా నిలిచిన ఆ నీటిబొట్లే ఎండలో ఆరి తెల్లటి వలయాలుగా మిగులుతాయి. అందుకే కడిగిన వెంటనే తుడవాలి. రాళ్లను కొంత ఆపగలిగేది పాలీయురేథేన్ ఫిల్మ్, అంటే పీపీఎఫ్. దాని ఖరీదూ అలాగే ఉంటుంది. నీడలో నిలిపే మామూలు కారుకు సరిగ్గా కడగడం, మూడు నెలలకోసారి మైనం పూయడం సరిపోతుంది. పిట్టరెట్టను మాత్రం చూసిన రోజే తడిగుడ్డ పరిచి నానబెట్టి తీయాలి. ఎండవేడికి అది క్లియర్ కోట్‌ను తినేస్తుంది.

ప్రశ్న: చిన్న సొట్టకు ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేయడం లాభమా?

జవాబు: లెక్క వేస్తే తేలుతుంది. వరసగా మూడేళ్లు క్లెయిమ్ లేకపోతే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 35 శాతం, నాలుగో ఏటికి 45, ఐదో ఏటికి 50 శాతం నో క్లెయిమ్ బోనస్ వస్తుంది. ఒక్క క్లెయిమ్‌తో అది సున్నాకు పడి, మళ్లీ 20, 25 శాతాలతో మొదలవుతుంది. బోనస్‌కు ముందు ఆ ప్రీమియం 8,000 రూపాయలు అనుకుంటే, నాలుగో ఏట క్లెయిమ్ చేసిన వ్యక్తికి మొదటి ఏడాదే 3,600 రూపాయలు, తర్వాతి ఏడాది 2,400 రూపాయలు పోతాయి. మళ్లీ 50 శాతానికి చేరేలోపు మొత్తం 9,600 రూపాయలు. దీనికి తోడు 1500 సీసీ లోపు కార్లకు ప్రతి క్లెయిమ్‌లో తప్పనిసరిగా సొంతంగా భరించాల్సిన వెయ్యి రూపాయలు. జీరో డిప్రిసియేషన్ లేని పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాల ధరలో సగమే వస్తుంది. ఐదారు వేల డెంటింగ్, పెయింటింగ్ పనిని చేతి డబ్బుతో చేయించుకోవడమే లాభం.

ప్రశ్న: ఇంజిన్‌లోకి ఎలుకలు దూరకుండా ఏం చేయాలి?

జవాబు: పొగాకు కాడలు, కలరా ఉండలు వాసన ఉన్నన్నాళ్లు పనిచేస్తాయి, ఇంజిన్ వేడికి ఆ వాసన ఎక్కువ రోజులు ఉండదు. కింది భాగాన దారులకు సన్నటి ఇనుప జాలీ బిగించడం, చెత్తకుండీల పక్కన నిలపకపోవడం, బండిని రెండు రోజులకోసారైనా కదపడం వాటికన్నా నమ్మకమైనవి.

ప్రశ్న: వరదనీటిలో మునిగిన కారును ఎప్పుడు స్టార్ట్ చేయవచ్చు?

జవాబు: యజమాని ఎప్పుడూ చేయకూడదు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు నీళ్లలో నిలిచిపోయాయి. అలా నిలిచిన కారులో నీళ్లు గాలి గొట్టం గుండా సిలిండర్లలో చేరి ఉండవచ్చు. గాలిని పిస్టన్ నొక్కగలదు, నీటిని నొక్కలేదు. తాళం తిప్పగానే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ఇంజిన్ బద్దలు కావచ్చు. నీళ్లు తీశాక బ్యాటరీ నెగటివ్ కేబుల్ విప్పి, నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో తెలిసేలా ఫొటోలు తీసి, బీమా కంపెనీకి చెప్పి, టోయింగ్ బండి మీద వర్క్‌షాప్‌కు పంపాలి. నీళ్లలో ఉండగానో, తీసిన వెంటనేనో స్టార్ట్ చేయబోతే పోయిన ఇంజిన్‌కు మామూలు సమగ్ర పాలసీ సాధారణంగా డబ్బు ఇవ్వదు. దానికి ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ విడిగా తీసుకుని ఉండాలి, అదీ వానలు మొదలవకముందే.