పహాణీలోని కాలములు - కంప్యూటరు చదువు

ధర్మపురి ప్రాంతపు రైతులకు పహాణీ సుపరిచితమైన పత్రము. 1954-55 నాటి ఖాస్రా పహాణీ నేటికీ భూవివాదములలో ముఖ్యమైన ఆధారము. సర్వే నంబరు, విస్తీర్ణము, పట్టాదారు, అనుభవదారు - ఒక్కొక్క వివరమునకు ఒక్కొక్క కాలము, అనగా ఉర్దూలో ఖానా. 1970లో ఇ.ఎఫ్. కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ డేటాబేసు కూడ ఇట్టి పట్టికల కూర్పే. తెలంగాణ భూమి రికార్డులకై 2020లో ధరణి, 2025లో భూభారతి వచ్చిన పిదప, ఈ కాలములను ప్రోగ్రాము ఎట్లు చదువవలెనో విద్యార్థులు తెలిసికొనుట అవసరము.

మొదటిది, కావలసిన కాలములనే అడుగవలెను. పేరు, విస్తీర్ణము చాలినచోట పట్టికనంతటిని తెప్పించుట వృథా శ్రమ.

రెండవది, కాలమును పేరుతో పిలువవచ్చును, వరుస సంఖ్యతోనూ పిలువవచ్చును. పేరుతో పిలిచిన ప్రతిసారి దాని స్థానమును వెదకవలసి వచ్చును. లక్ష వరుసలు, ఐదు కాలములైనచో ఐదు లక్షల వెదకులాటలు. సంఖ్యను ముందే వ్రాసి ఉంచినచో వేగమే కాని, కాలముల క్రమము మారిననాడు పట్టాదారు చోట అనుభవదారు పేరు వచ్చును. కనుక లూపునకు ముందే పేరును బట్టి స్థానమును ఒక్కసారి కనుగొని, లోపల ఆ సంఖ్యనే వాడుట ఉత్తమము. ఐదు వెదకులాటలతో పని ముగియును. జావాలో ఈ లెక్క ఒకటితోను, డాట్‌నెట్‌లో సున్నతోను మొదలగునని మరువరాదు.

మూడవది, ఖాళీ గడి వేరు, సున్న వేరు. జావాలోని గెట్‌ఇంట్ ఖాళీ గడికి సున్ననే ఇచ్చును. విస్తీర్ణము నమోదు కాని రైతు భూమిలేనివాడుగా కనబడును. అందుచే చదివిన వెంటనే వాజ్‌నల్ అను ప్రశ్నతో నిర్ధారించుకొనవలెను.

నాలుగవది, విలువ స్వభావమునకు తగిన రకముగ చదువవలెను. పహాణీలో 2.20 అనగా రెండెకరముల ఇరువది గుంటలు. ఎకరమునకు 40 గుంటలు గనుక అది రెండున్నర ఎకరములు. దానిని దశాంశ సంఖ్యగా చదివినచో రెండెకరముల ఎనిమిది గుంటలే తేలును. పన్నెండు గుంటలు మాయమగును. 45/2 అను సర్వే నంబరు కూడ భాగహారము కాదు, అక్షరములవలె చదువదగినది.

విద్యార్థులారా! వేగము కొరకు మనము వ్రాయు ప్రతి పంక్తి వెనుక ఒక రైతు పొలముగట్టు ఉన్నదని గ్రహింపుడు. ముందు సరిగా చదువుట, పిమ్మట త్వరగా చదువుట - ఈ క్రమమును తప్పకుడు.