పదిమంది వాడే ల్యాబులో గ్యాస్ క్రొమాటోగ్రాఫ్: జాగ్రత్తలు, అప్పగింతలు

బి.ఎస్సీ., ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ, బి.ఫార్మసీ చదువుతున్న మన విద్యార్థినీ విద్యార్థులకు పనికివచ్చే ఒక యంత్రం గురించి ఈ సంచికలో రాస్తున్నాను. దాని పేరు గ్యాస్ క్రొమాటోగ్రాఫ్. ల్యాబుల్లో అందరూ జి.సి. అంటారు. నేను చదివింది బి.కాం., చేసింది బ్యాంకు గుమాస్తా ఉద్యోగం. కామర్స్ చదివినవాడికి ఈ యంత్రంతో ఏం పని అని మీకు అనిపించవచ్చు. యంత్రం నడిపే విద్య మీ లెక్చరర్లు నేర్పుతారు. నేను చెప్పదలచింది ఒకే యంత్రాన్ని పదిమంది వంతులవారీగా వాడేటప్పుడు ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి జరగవలసిన అప్పగింత గురించి. ఇనప్పెట్టె తాళాలు ఇద్దరి దగ్గర ఉంచి, ప్రతి సాయంత్రం నిల్వ సరిచూసి సంతకాలు చేసే పద్ధతిలో పనిచేసిన బ్యాంకు వాళ్ళకు ఆ విషయంలో కొంత అలవాటు ఉంది. ఆ కళ్ళతోనే ఈ యంత్రాన్ని చూశాను.

ముందుగా తల్లిదండ్రులకు ఒక మాట. మన బొమ్మనహళ్ళి నుంచి హోసూరు రోడ్డు పట్టుకుని వెళితే ఎలక్ట్రానిక్ సిటీ దాటాక బొమ్మసంద్ర, జిగణి పారిశ్రామిక వాడలు వస్తాయి. 2025 ఆగస్టులో మెట్రో పసుపు మార్గం మొదలయ్యాక బొమ్మసంద్ర దాకా రైల్లోనే పోవచ్చు. ఆ వైపున మందుల కంపెనీలు, పరిశోధన సంస్థలు ఉన్నాయి. వాటి క్వాలిటీ కంట్రోల్ విభాగాల్లో చేరదలచిన కెమిస్ట్రీ పట్టభద్రులను ఇంటర్వ్యూలో తప్పకుండా అడిగే యంత్రాల్లో ఇదొకటి. మాత్ర తయారీలో వాడిన ద్రావకం అందులో ఎంత మిగిలిందో చెప్పేది ఇదే. 2022 అక్టోబరులో గాంబియా దేశంలో పిల్లల మరణాలకు సంబంధించి మన దేశంలో తయారైన నాలుగు దగ్గు, జలుబు సిరప్పుల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక జారీ చేసింది. వాటిలో ఉండకూడని డైఇథిలీన్ గ్లైకాల్, ఇథిలీన్ గ్లైకాల్ ఉన్నాయని తేలింది. ఇలాంటి కల్తీని పట్టుకోవడానికి వాడే ముఖ్యమైన పరీక్ష జి.సి. మీదనే జరుగుతుంది. కాబట్టి మీ పిల్లలు ఈ యంత్రం నేర్చుకుంటామంటే భయపడి వద్దనకండి. పద్ధతిగా నేర్చుకోమనండి.

యంత్రం పని చేసే తీరు చెప్పుకుంటే సులభమే. సన్నని సిరంజితో ఒక మైక్రోలీటరు, అంటే ఒక మిల్లీలీటరులో వెయ్యో వంతు ద్రవాన్ని, సెప్టమ్ అనే రబ్బరు బిళ్ళ గుండా లోపలికి ఎక్కిస్తారు. అక్కడ 250 డిగ్రీల సెంటీగ్రేడు దాకా వేడి ఉంటుంది. ద్రవం వెంటనే ఆవిరవుతుంది. ఆ ఆవిరిని క్యారియర్ గ్యాస్ అనే వాయువు మోసుకుపోయి కాలమ్ అనే గొట్టంలోకి నెడుతుంది. కాలమ్ సాధారణంగా 30 మీటర్ల పొడవు ఉంటుంది గాని, లోపలి వ్యాసం పావు మిల్లీమీటరే. చుట్టలుగా చుట్టి ఓవెన్ అనే పెట్టెలో వేలాడదీస్తారు. మిశ్రమంలోని ఒక్కో పదార్థం ఆ గొట్టంలో ఒక్కో వేగంతో నడుస్తుంది. ముందు వచ్చేది ముందు, ఆలస్యంగా వచ్చేది తరువాత డిటెక్టరు చేరతాయి. కంప్యూటరు మీద వరుసగా శిఖరాలు కనిపిస్తాయి. ఏ శిఖరం ఎన్నో నిమిషానికి వచ్చిందో చూసి పదార్థాన్ని గుర్తిస్తారు, దాని వైశాల్యం చూసి పరిమాణం లెక్కగడతారు. ఈ పద్ధతిని 1952లో ఇంగ్లండులో జేమ్స్, మార్టిన్ అనే శాస్త్రవేత్తలు ప్రకటించారు.

క్యారియర్ గ్యాస్‌గా హీలియం, నైట్రోజన్, హైడ్రోజన్ వాడతారు. హీలియం మంటకు లొంగదు, పనికీ మంచిది. దానికీ మన తెలుగు నేలకూ చుట్టరికం ఉంది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మన గుంటూరు నుంచి పరిశీలించాడు. ఆ ఏటి పరిశీలనలే సూర్యుడిలో హీలియం ఉందని గుర్తించడానికి దారి తీశాయి. అయితే మన దేశానికి హీలియం దిగుమతి కావలసిందే, ధర ఎక్కువ, 2022లో ప్రపంచమంతటా కొరత కూడా వచ్చింది. అందువల్ల చాలా ల్యాబులు హైడ్రోజన్ వైపు మళ్ళుతున్నాయి. క్యారియర్ ఏదైనా, ఎక్కువ యంత్రాల్లో ఉండే ఎఫ్.ఐ.డి. అనే డిటెక్టరు చిన్న హైడ్రోజన్ మంటతోనే పని చేస్తుంది. అంటే హైడ్రోజన్ ఎలాగూ ఉంటుంది.

హైడ్రోజన్ లెక్క

మన ఇళ్ళలోని వంటగ్యాస్ లీకైతే వాసన వస్తుంది, ఎందుకంటే వాసన కోసమే అందులో ఒక పదార్థం కలుపుతారు. ల్యాబు హైడ్రోజన్‌కు వాసన లేదు, రంగు లేదు. మండినా ఆ మంట దాదాపు కనపడదు. వంటగ్యాస్ బరువు కాబట్టి నేలబారున చేరుతుంది, హైడ్రోజన్ తేలిక కాబట్టి పైకప్పు కింద చేరుతుంది. గాలిలో 4 శాతం నుంచి 75 శాతం దాకా ఎంత ఉన్నా అంటుకుంటుంది. అంటుకోవడానికి స్విచ్చి వేసినప్పుడు వచ్చే నిప్పురవ్వ చాలు.

2018 డిసెంబరు 5న మన బెంగళూరులోనే, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లోని ఒక ల్యాబులో పేలుడు జరిగి ఒక యువ పరిశోధకుడు మరణించాడు, మరో ముగ్గురు తీవ్రంగా గాయపడ్డారు. హైడ్రోజన్ సిలిండరు వల్లనే జరిగి ఉండవచ్చని అప్పట్లో పత్రికలు రాశాయి. అక్కడ జరుగుతున్నది షాక్ వేవ్ పరిశోధన, జి.సి. పని కాదు. సిలిండరు మాత్రం ఏ ల్యాబులోనైనా సిలిండరే. 2016 మార్చిలో అమెరికాలోని హవాయి విశ్వవిద్యాలయంలో హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపిన ట్యాంకు పేలి ఒక పరిశోధకురాలు చేయి కోల్పోయింది. అక్కడ పెద్ద ప్రమాదానికి ముందే చిన్న హెచ్చరికలు కనిపించాయని విచారణలో తేలింది. ఎవరికీ ఏమీ కాలేదు కదా అని వదిలేసిన చిన్న సంఘటనను కూడా పుస్తకంలో రాయాలనడానికి ఇదే కారణం.

ఇప్పుడు కాస్త కూడికలు, తీసివేతలు చేద్దాం. ఎఫ్.ఐ.డి. మంటకు నిమిషానికి సుమారు 40 మి.లీ. హైడ్రోజన్ పోతుంది. గంటకు 2.4 లీటర్లు. ల్యాబు గది 5 మీటర్లు, 4 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు అనుకుంటే అందులో 60,000 లీటర్ల గాలి. దానిలో 4 శాతం 2,400 లీటర్లు. తలుపులన్నీ మూసినా గది నిండటానికి వెయ్యి గంటలు కావాలి. చూశారా, ఏమీ భయం లేదనిపిస్తుంది. ఇప్పుడు రెండో లెక్క. ఓవెన్ పెట్టె సుమారు 15 లీటర్లు. దానిలో 4 శాతం 600 మి.లీ. నిమిషానికి 40 మి.లీ. చొప్పున అది 15 నిమిషాల పని. మూడో లెక్క సిలిండరుది. మన దగ్గర మామూలుగా దొరికే పెద్ద సిలిండరులో 7 ఘనపు మీటర్లు, అంటే 7,000 లీటర్ల వాయువు ఉంటుంది. గదికి కావలసిన 2,400 లీటర్లకు దాదాపు మూడు రెట్లు. పైకప్పు కింద పేరుకునే గుణం వల్ల అంత కూడా అక్కరలేదు. అందుకే హైడ్రోజన్ సిలిండరును గది బయట, గాలి తగిలే చోట, గొలుసుతో గోడకు కట్టి ఉంచి, లోపలికి గొట్టం వేయాలంటారు. చాలా చోట్ల ఇప్పుడు సిలిండరుకు బదులు నీటి నుంచి హైడ్రోజన్ తయారుచేసే చిన్న జెనరేటరు పెడుతున్నారు. అందులో నిల్వ కొద్దిగానే ఉంటుంది కాబట్టి అది మేలు.

రెండో లెక్క దగ్గర కాసేపు ఆగుదాం. హైడ్రోజన్ ఓవెన్‌లోకి ఎలా వస్తుంది? కాలమ్ చివర డిటెక్టరుకు బిగించి ఉన్నంతకాలం రాదు. శుభ్రం చేయడానికో మార్చడానికో ఒకరు కాలమ్ తీస్తారు. డిటెక్టరు అడుగున రంధ్రం తెరిచి ఉంటుంది. ఇంతలో క్లాసు టైమవుతుంది, వెళ్ళిపోతారు. మధ్యాహ్నం మరొకరు వచ్చి, ఓవెన్ తలుపు తెరిచి చూడకుండా, రోజూ లాగే హైడ్రోజన్ తిప్పి హీటరు వేస్తారు. ఓవెన్‌లో ఎర్రగా కాలే తీగ ఉంది, దాని చుట్టూ హైడ్రోజన్. తలుపు ఎగిరి ఎదురుగా నిలుచున్న వారి మీద పడుతుంది. ఇందులో మొదటివారు పెద్ద నేరమేమీ చేయలేదు, రెండోవారూ చేయలేదు. ఇద్దరి మధ్య ఒక మాట రాసి లేదు, అంతే. యంత్రం ఒక్కరిదే అయితే ఇది జరిగే అవకాశం చాలా తక్కువ. పదిమందిది కావడం వల్లనే జరుగుతుంది.

అప్పగింత

కాబట్టి కాలమ్ తీసినవారు మూడు పనులు చేయాలి. హైడ్రోజన్‌ను యంత్రం దగ్గరే కాక, గొట్టం మొదట్లో ఉన్న వాల్వు దగ్గర కూడా మూయాలి. డిటెక్టరు రంధ్రాన్ని మూత నట్టుతో బిగించాలి. ఓవెన్ తలుపు మీద కనపడేలా చీటీ తగిలించి లాగ్‌బుక్కులో రాయాలి. వచ్చినవారు లాగ్‌బుక్కులో చివరి పద్దు చదివి, ఓవెన్ తలుపు తెరిచి కాలమ్ రెండు చివరలూ కళ్ళతో చూసి, అప్పుడు సంతకం చేయాలి. చూడకుండా సంతకం చేసే అలవాటు బ్యాంకులో ఎన్ని ఇళ్ళు ముంచిందో నేను చూశాను.

లాగ్‌బుక్కులో చాలామంది పేరు, తేదీ, టైము రాసి ఊరుకుంటారు. అది సినిమాహాలు టిక్కెట్టులా ఉంటుంది గాని పద్దు కాదు. ప్రారంభ నిల్వ, ముగింపు నిల్వ ఉండాలి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: "ఉదయం 10 గంటలకు నైట్రోజన్ సిలిండరు 90 బార్, హైడ్రోజన్ 60 బార్. సాయంత్రం 4 గంటలకు నైట్రోజన్ 86, హైడ్రోజన్ 58. కాలమ్ మార్చలేదు. సెప్టమ్ మార్చాను. మంట రెండుసార్లు ఆరింది, కారణం తెలియలేదు, సార్‌కు చెప్పాను. హైడ్రోజన్ మెయిన్ వాల్వు మూశాను." ఈ అంకెల్లో పెద్ద ఉపయోగం ఉంది. నిన్న సాయంత్రం 58 రాసి వాల్వు మూసిన సిలిండరు, ఈ రోజు ఉదయం గేజిలో 40 చూపిస్తే, రాత్రి ఎవరో వాడి రాయలేదు, లేదా ఎక్కడో లీకు ఉంది. వాసన లేని వాయువు లీకును కాగితమే పట్టిచ్చింది. పద్దులో తప్పు పడితే చెరిపి, వైట్‌నర్ పూసి దిద్దకండి. ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, తేదీతో పొడి సంతకం పెట్టండి. మందుల కంపెనీల్లో పద్ధతి కూడా అచ్చంగా ఇదే. కాలేజీలో అలవాటైతే ఉద్యోగంలో కొత్తగా నేర్చుకోవలసింది ఉండదు.

యంత్రం ఆన్ చేయడానికి, ఆపడానికి వరుస ఉంది. మొదలుపెట్టేటప్పుడు ముందు క్యారియర్ గ్యాస్, లీకు లేదని చూసుకున్నాక వేడి, డిటెక్టరు బాగా వేడెక్కాక హైడ్రోజన్, మంట. ఆపేటప్పుడు ముందు హైడ్రోజన్ మూసి మంట ఆర్పడం, తరువాత ఓవెన్ చల్లార్చడం, అన్నిటికన్నా చివర క్యారియర్ గ్యాస్. గ్యాస్ లేకుండా వేడి చేస్తే వేల రూపాయల కాలమ్ పాడవుతుంది. మంట వెలిగేటప్పుడు టప్పున చిన్న శబ్దం వస్తుంది. వెలిగిందో లేదో తెలియాలంటే చిన్న అద్దాన్ని డిటెక్టరు పైన ఒక్క క్షణం పట్టాలి, ఆవిరి పట్టితే మంట ఉన్నట్టు. ముఖం పెట్టి తొంగిచూడకూడదు. కొత్త యంత్రాల్లో మంట ఆరితే హైడ్రోజన్ తనంతట తానే ఆగుతుంది. పాతవాటిలో ఆగదు. మీ కాలేజీ యంత్రం ఏ రకమో మొదటి రోజే అడగండి.

సిలిండరు రంగును నమ్మి పని చేయకండి, చీటీ మీది పేరు చదవండి. హైడ్రోజన్‌ది ఎరుపు, మరలు ఎడమ వైపుకు ఉంటాయి. బిగుసుకుంటున్నట్టుంటే బలం ఉపయోగించకుండా అడగండి. రెగ్యులేటరుకు నూనె, గ్రీజు రాయకూడదు. వాల్వు తెరిచేటప్పుడు గేజికి ఎదురుగా కాక పక్కన నిలబడి మెల్లగా తిప్పాలి. సిలిండరు, గొట్టం అతుకుల దగ్గర లీకు చూడటానికి సబ్బునీళ్ళు చాలు. యంత్రం లోపలి అతుకులకు సబ్బునీళ్ళు పనికిరావు, లోపలికి పోతే కాలమ్ చెడుతుంది. దానికి లీకు చూసే చిన్న పరికరం ఉంటుంది. నైట్రోజన్ మండదు కదా అని తేలికగా తీసుకోకండి. పైన చెప్పిన గదిలో ఒక సిలిండరు నైట్రోజన్ అంతా బయటికి వస్తే ఆక్సిజన్ 21 శాతం నుంచి 19 లోపుకు దిగుతుంది. 19.5 కన్నా తగ్గితే మనిషికి ప్రమాదకరమని లెక్క. చిన్న గది అయితే ఇంకా తగ్గుతుంది, మనిషికి తెలియకుండానే స్పృహ తప్పుతుంది.

కాలిన గాయాలు జి.సి. దగ్గర తరచు జరిగేవి. ఇంజెక్షన్ చేసే చోటు బయటికి మామూలుగా కనిపిస్తుంది గాని చేయి తగిలితే పొక్కుతుంది. ఓవెన్ వెనుక నుంచి వేడిగాలి కొడుతుంది, అక్కడ కాగితాలు, ద్రావకం సీసాలు పెట్టకూడదు. తలుపు తెరిస్తే ఫ్యాను తిరుగుతూ ఉండవచ్చు, కాబట్టి చున్నీ, జడ కోటు లోపల ఉండాలి. కొన్ని యంత్రాల్లో ఇ.సి.డి. అనే డిటెక్టరు ఉంటుంది, అందులో రేడియోధార్మిక నికెల్ ఉంటుంది. దాన్ని విద్యార్థులు ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకూడదు. దానికి అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనలు వర్తిస్తాయి.

మళ్ళీ తల్లిదండ్రులకు. ప్రాజెక్టు చేసే అమ్మాయో అబ్బాయో రాత్రి తొమ్మిదికి కూడా ల్యాబులోనే ఉన్నానని ఫోన్ చేస్తే కోప్పడకండి. 40 శాంపిళ్ళు, ఒక్కోదానికి అరగంట అంటే 20 గంటలు, ఆ పని యంత్రం తనంతట తాను చేస్తుంది, మనిషి కూర్చోనక్కరలేదు. కోప్పడే బదులు రెండు ప్రశ్నలు అడగండి. నీతో పాటు ల్యాబులో ఇంకెవరున్నారు? హైడ్రోజన్ మెయిన్ వాల్వు ఎక్కడుందో నీకు తెలుసా? మొదటిదానికి "ఎవరూ లేరు" అని వస్తే ఇంటికి రమ్మనండి. రెండోదానికి "తెలియదు" అని వస్తే మర్నాడు ఉదయం మొదట ఆ వాల్వు చూపించమని లెక్చరరు గారిని అడగమనండి.

లీకు అనుమానం వచ్చినప్పుడు లైటు, ఫ్యాను స్విచ్చి వేయకూడదు, ఉన్నది ఆపనూ కూడదు. వాల్వు దారిలోనే ఉంటే మూసి, లేకపోతే అలాగే వదిలి, తలుపు తీసి అందరినీ బయటికి పంపి, బయటికి వచ్చాకనే ఫోన్ తీసి లెక్చరరు గారికీ, అవసరమైతే 112కూ చెప్పాలి.