స్వీయలక్ష్యము – స్వస్థతకు సోపానము

మనోవ్యాధియు శరీరవ్యాధివలెనే చికిత్సకు లోబడునది. అందు సిగ్గుపడవలసినది లేదు. అమెరికాలో 1963 అక్టోబరు 31న అధ్యక్షుడు కెనెడీ సంతకము చేసిన చట్టము, రోగులను దూరపు ఆసుపత్రులలో ఉంచుటకు బదులు వారి ఊరియందే ఆదరించు కేంద్రములకు దారితీసెను. అయినను యువజనుల చికిత్సాలక్ష్యములను తరచుగా పెద్దలే నిర్ణయించుచుండిరి.

ఈ లోపమును తీర్చుటకు ఆరెగాన్ రాష్ట్రమందలి పోర్ట్‌లాండ్ స్టేట్ విశ్వవిద్యాలయమున ‘అచీవ్ మై ప్లాన్’ అను పద్ధతి రూపొందెను. తల్లిదండ్రులు, చికిత్సకులు మొదలగువారు కూడి ప్రణాళిక వ్రాయు సమావేశమునకు ముందే, ఒక సహాయకుడు బిడ్డతో కూర్చుండి “నీవేమి కోరుచున్నావు?” అని అడుగును; ఆ కోరికను సభలో పలుకుటకు సిద్ధపరచును. 2017లో ప్రకటితమైన పరిశీలనలో, ఇట్లు సిద్ధపడినవారు చర్చలో అధికముగా పాల్గొనిరి. సమావేశములు మరింత ఫలవంతములైనవని పెద్దలును తెలిపిరి.

“మందులు మానరాదు” అనునది పెద్దల లక్ష్యము. “మరల బడికి పోవలెను” అనునది బిడ్డ లక్ష్యము. రెండవది తోడైనపుడే మొదటిదానికి అర్థము కలుగును.

చెరకుతోటలలో పూర్వుల దినకార్యమును సర్దారు నిర్ణయించుచుండెను. వారి సంతతియైనను తన గమ్యమును తాను పలుకవలదా? పెద్దలారా, ముందుగా అడుగుడు, పిదప ఆలకింపుడు.